కులీనమా, పెత్తందారీయా? ‘అరిస్టోక్రాటిక్’ మాట వెనుక చరిత్ర

(మాటల మూలాలు – 9)



అచ్యుతాపురంలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. “అన్నా, ‘అరిస్టోక్రాటిక్’ అంటే మా గైడులో ‘కులీనమైన, ఉన్నత వంశానికి చెందిన, గొప్ప, హుందా అయిన’ అని రాశారు. ఈ నాలుగూ ఒకటేనా? ఉన్నత వంశంలో పుట్టినవాడికి హుందాతనం దానంతట అదే వచ్చేస్తుందా?”

ఇది ఒక్క మార్కు ప్రశ్న కాదు. ఈ నాలుగు అర్థాలనూ ఒకే వరుసలో, మధ్యలో కామా పెట్టి రాయడానికి సుమారు రెండున్నర వేల ఏళ్ళు పట్టింది. పుట్టుక అనే మాట పక్కన గుణం అనే మాటను కూర్చోబెట్టి, రెండూ ఒకటే అని నమ్మించిన చరిత్ర అది. కాస్త పెద్ద పోస్టే. ఓపికగా చదవండి, గ్రూపుల్లో చర్చించండి.

1. ‘ఉత్తముల పాలన’ అని ఎవరన్నారు?

ముందు పరీక్షకు కావలసింది చెప్పేస్తాను. గ్రీకులో ‘అరిస్టోస్’ అంటే అందరిలోకీ ఉత్తముడు. ‘క్రాటోస్’ అంటే బలం, అధికారం. రెండూ కలిస్తే అరిస్టోక్రసీ, అంటే ఉత్తముల పాలన. అరిస్టాటిల్ తన ‘పాలిటిక్స్’లో ప్రభుత్వాలను ఆరు రకాలుగా విడగొట్టాడు. అందరి మేలు కోసం ఒక్కడు పాలిస్తే రాజరికం, కొందరు పాలిస్తే అరిస్టోక్రసీ, ఎక్కువమంది పాలిస్తే పాలిటీ. సొంత లాభం కోసం పాలిస్తే అవే నిరంకుశత్వం, అల్పజన పాలన, ప్రజాస్వామ్యం. అవును, ఆయన లెక్కలో ప్రజాస్వామ్యం చెడిపోయిన రకం. మన రాజనీతిశాస్త్రం పుస్తకాల్లో అరిస్టోక్రసీని ‘కులీన పాలన’ అని చదువుకున్నాం.

గైడులో ఉండనిది ఇంకోటుంది. అదే పుస్తకం మొదటి భాగంలో అరిస్టాటిల్, కొందరు పుట్టుకతోనే బానిసలు అని వాదించాడు. ఉత్తములు ఎవరు అని చెప్పినవాడే బానిసలు ఎవరు అన్నదీ చెప్పాడు. ఏథెన్సులో బానిసలకు, ఆడవాళ్ళకు, బయటినుంచి వచ్చి స్థిరపడినవాళ్ళకు సభలో చోటు లేదు. ‘ఉత్తములు’ అన్న సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది ఆ ఉత్తములే.

ఇంగ్లీషులో ఈ విశేషణాన్ని ఇప్పుడు మూడు రకాలుగా వాడుతున్నారు. ఒకటి, ప్రభుత్వ రూపం గురించి. రెండు, ఒక వర్గం గురించి: బిరుదులు, ఎస్టేట్లు వంశపారంపర్యంగా ఉన్న కుటుంబం. మూడు, ఒక తీరు గురించి: నడక, మాట, ముక్కు, అభిరుచి. ‘ఆవిడ పోలికలు అరిస్టోక్రాటిక్‌గా ఉన్నాయి’ అని నవలల్లో రాస్తారే, అది మూడోది. ఎస్టేటు పోయినా ముక్కు మిగిలిందన్నమాట! వర్గాన్ని చెప్పే మాట గుణాన్ని చెప్పే మాటగా జారిపోయిన చోటు ఇదే. మనం పట్టుకోవలసింది ఈ జారుడునే.

2. విలన్ అంటే పాలేరు

ఈ జారుడు ఒక్క మాటలోనే జరిగి ఉంటే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఇంగ్లీషులో మంచి గుణాలను చెప్పే మాటల పుట్టుక వరసగా చూడండి.

‘నోబుల్’ లాటిన్ నుంచి వచ్చింది. మొదటి అర్థం ‘పేరు తెలిసినవాడు’. అంటే పేరున్న ఇంటివాడు. ‘జెంటిల్’ అంటే ఒకే వంశానికి చెందినవాడు. ‘జెనరస్’ అంటే మంచి వంశంలో పుట్టినవాడు. ఇవాళ మనం నోబుల్ అంటే ఉదాత్తం, జెంటిల్ అంటే సౌమ్యం, జెనరస్ అంటే ఉదారం అని రాస్తున్నాం. మూడూ పుట్టుక మాటలే. గుణాలుగా ప్రమోషన్ పొందాయి.

ఇప్పుడు రెండో వైపు. ‘వల్గర్’ అంటే జనసామాన్యానికి చెందినది. ‘మీన్’ అంటే అందరికీ ఉండేది, మామూలుది. ‘విలన్’ అంటే భూస్వామి ‘విల్లా’కు, అంటే అతని పొలానికీ బంగళాకూ, కట్టుబడి పనిచేసే కూలివాడు. మన సినిమాల్లో విలన్ ఎక్కువసార్లు బంగళాలో ఉండే దొరే. మాట పుట్టినచోట మాత్రం విలన్ ఆ దొర పొలంలో పాలేరు. పాలేరును చూసి ‘దుర్మార్గుడు’ అనే అర్థం పుట్టించినవాళ్ళు ఎవరై ఉంటారో వేరే చెప్పాలా?

ఇంకో మాట ‘బ్లూ బ్లడ్’. ఇది స్పెయిన్ నుంచి వచ్చింది. అక్కడి కాస్టిల్ ప్రాంతపు పెద్ద కుటుంబాలు తమ వంశంలో మూర్లు, యూదుల రక్తం కలవలేదని గొప్పలు చెప్పుకునేవి. ఎండ తగలని తెల్లటి చర్మం కింద నరాలు నీలంగా కనిపిస్తాయి కాబట్టి తమది నీలి రక్తం అన్నారు. ఎండలో పని చేయకపోవడమే వాళ్ళ గొప్ప! ఆ ఐబీరియా నేల నుంచే, స్వచ్ఛమైన వంశం అనే అర్థమున్న ‘కాస్టా’ అనే మాటను పట్టుకుని పోర్చుగీసువాళ్ళు మన తీరంలో దిగారు. ఇక్కడి వ్యవస్థను చూసి ఆ మాటే వాడారు. ఇంగ్లీషువాడి ‘క్యాస్ట్’ అదే. నీలి రక్తం, క్యాస్ట్ – ఈ రెండు మాటలూ ఒకే ఆలోచన బిడ్డలు.

3. తెలుగులో ఇంకా సూటిగా ఉంది

ఇంగ్లీషు మాట అసలు సంగతిని దాచిపెడితే, తెలుగు మాట దాచనైనా దాచలేదు. కులీనం! లోపల కులం కనిపిస్తూనే ఉంది.

సంస్కృతంలో ‘కుల’ అంటే ఇల్లు, వంశం. కులీనుడు అంటే మంచి వంశంవాడు. తెలుగులో కులం అంటే క్యాస్ట్. అందుకే తెలుగు చదివే పిల్లాడికి ‘కులీనమైన అభిరుచి’ అన్న మాట వినగానే అభిరుచికి కూడా కులం ఉంటుందనే వినిపిస్తుంది. వాడు విన్నదే నిజం. బెంగాల్లో ‘కులీన’ బ్రాహ్మణులనే వర్గం ఉండేది. ఆ కులీన హోదా పేరుతో ఒక్కొక్కడు లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు చేసుకుంటుంటే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ దానికి వ్యతిరేకంగా పుస్తకాలే రాయాల్సి వచ్చింది. అదీ కులీనం చేసిన ఘనకార్యం.

‘ఆభిజాత్యం’ కూడా అంతే. అభిజాతుడు అంటే బాగా పుట్టినవాడు. మిగిలినవాళ్ళం ఎలా పుట్టామో మరి!

ఇక ఈ మాటకు ఎదురుగా నిలబెట్టిన మాట చూడండి. ఏదైనా బాగోకపోతే చదువుకున్నవాళ్ళు సైతం ‘చండాలంగా ఉంది’ అంటారు. కూర చండాలం, సినిమా చండాలం, రోడ్డు చండాలం. చండాలుడు అంటే ధర్మశాస్త్రాలు ఊరి బయట ఉంచిన మనిషి. ఒక సమూహం పేరు ‘అసహ్యం’ అనే అర్థానికి విశేషణమైపోయింది. కులీనంగా ఉంది, చండాలంగా ఉంది – ఈ రెండు విశేషణాలను పక్కపక్కన పెడితే మొత్తం కుల నిచ్చెన కనిపిస్తుంది. పై మెట్టు మెచ్చుకోలు, కింది మెట్టు తిట్టు.

విశేషణాలతో ఆగలేదు. తెలుగులో ‘వాడు, అతను, ఆయన, వారు’ అని సర్వనామానికే మెట్లున్నాయి. పేటలో అరవై ఏళ్ళ తాతను ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు ‘ఒరే’ అని పిలిచిన రోజులు మన పెద్దవాళ్ళందరికీ గుర్తే. తిండికీ మెట్లున్నాయి. కూడు, బువ్వ, అన్నం, భోజనం. కూడు పాత తెలుగు మాట, చక్కటి మాట. ఇవాళ పెద్దింటి అతిథిని ‘కూడు తిన్నారా’ అని అడగగలరా? సంస్కృతం మాటకు విస్తరి, తెలుగు మాటకు సత్తు గిన్నె. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. నార్మన్లు గెలిచాక దొడ్లో ఉన్న పశువుకు పాత ఇంగ్లీషు పేరు, దొర బల్ల మీదికి వెళ్ళిన మాంసానికి ఫ్రెంచి పేరు. కాసేవాడికి ‘కౌ’, తినేవాడికి ‘బీఫ్’.

ఇక్కడ మన ప్రాంతపు ఒక పెద్ద పోరాటం గురించి కూడా చెప్పుకోవాలి. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీనివాస అయ్యంగార్, విద్యాశాఖలో పనిచేసిన ఇంగ్లీషువాడు యేట్స్ కలిసి గ్రాంథికం మీద వ్యావహారిక భాష కోసం పోరాడారు. గిడుగు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ రుణం మనకుంది. కానీ ఆ ఉద్యమం గెలిపించిన భాషకు పెట్టిన పేరు ‘శిష్ట వ్యావహారికం’. అంటే శిష్టులు మాట్లాడేది. శిష్టులెవరు? ఆ గీత గీసినప్పుడు మాలపేట, మాదిగపేట, జాలరిపేట భాష గీతకు అవతలే ఉండిపోయింది. ‘ఏటి’, ‘ఎలగ’ అనే మన ఉత్తరాంధ్ర మాట ఇప్పటికీ సినిమాలో పనివాడికో నవ్వించేవాడికో తప్ప హీరోకు దొరకడం అరుదు. గ్రాంథికపు కోట కూలింది, దాని చుట్టూ ప్రహరీ మిగిలింది.

4. వేలం పాటలో పుట్టిన వంశాలు

‘సరే, మాటల సంగతి వదిలేయ్. నిజంగానే తరతరాల రాజవంశాలున్నాయి కదా’ అని అడుగుతారు. మన జిల్లానే తీసుకుందాం. పాత విశాఖపట్నం జిల్లాలో ఎక్కువ భాగం జమీందారీ. విజయనగరం, బొబ్బిలి, మాడుగుల, సాలూరు, కురుపాం, ఇలా సంస్థానాలు, ఎస్టేట్లు.

వీటిలో పెద్దది విజయనగరం. కంపెనీ అడిగిన పేష్కష్ దగ్గర గొడవ ముదిరి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధం జరిగింది. విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన కొడుకుకు కంపెనీ ఎస్టేటును తగ్గించి తిరిగిచ్చింది. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చింది. అప్పటినుంచి జమీందారు అంటే ఏటా ఇంత అని కంపెనీకి కట్టే షరతు మీద సన్నదు పుచ్చుకున్నవాడు. కట్టకపోతే ఎస్టేటు వేలం.

అంతకంటే గమనించవలసింది హవేలీ భూముల కథ. జమీందార్ల చేతిలో లేకుండా కంపెనీ సొంత ఆధీనంలో ఉన్న భూములవి. వాటిని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక ఎస్టేటు చేసి, బహిరంగ వేలంలో అమ్మింది. పాట ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళే యజమానులు. వేలంలో కొన్నవాడు రెండు తరాలు గడిచేసరికి ‘జమీందారు గారు’. మూడో తరానికి వాళ్ళది ‘రాజసం ఉట్టిపడే వంశం’. కులీనత్వం దేవుడిచ్చింది కాదు, కలెక్టరు కచేరీలో సుత్తి దెబ్బకు పుట్టింది.

బిరుదులూ అంతే. విజయనగరం ప్రభువుల పేరు ముందూ వెనకా ‘మీర్జా రాజా’, ‘మన్య సుల్తాన్ బహద్దూర్’ అనే మాటలు కనిపిస్తాయి. మీర్జా, సుల్తాన్, బహద్దూర్! హిందూ రాజవంశపు గొప్పతనాన్ని చెప్పే మాటలు పర్షియన్, అరబిక్ నుంచి వచ్చాయి. ఎందుకంటే అప్పుడు పైనున్న ప్రభువుల భాష అది. తర్వాత పైకి ఇంగ్లీషువాడు వచ్చాడు, ‘సర్’ వచ్చింది. గొప్పతనం ఎప్పుడూ పై వాడు ఇచ్చిందే, కింది వాడి మీద చూపించిందే.

ఈ ‘సర్’ గురించి ఒక క్రికెట్ కథ. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ ‘విజ్జీ’ అనే ఆయన. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. ఆ పర్యటన మధ్యలోనే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు. నాలుగేళ్ళ ముందు దేశపు మొదటి టెస్టుకు కెప్టెన్ అయిన సి.కె. నాయుడు ఆయన కింద ఆడాల్సి వచ్చింది. మన జట్టు ఓడిపోయింది. ఆ ఏడాదే ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది. ఉత్తముల పాలన అంటే ఏంటో ఒక్క స్కోరుకార్డులో చూపించమంటే నేను ఇదే చూపిస్తాను.

రెండో వైపు పల్వంకర్ బాలూ. చమార్ కులంలో పుట్టిన స్పిన్నర్. 1911లో పటియాలా మహారాజా కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్ళిన జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో హిందువుల జట్టుకు ఆడేటప్పుడు టీ విరామంలో ఆయనకు బయట, మట్టి కప్పులో టీ ఇచ్చేవాళ్ళు. అంతటి బౌలర్‌కు హిందూ జట్టు కెప్టెన్సీ ఎన్నడూ దక్కలేదు. పోరాడగా పోరాడగా 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. క్రికెట్‌ను ‘జెంటిల్‌మెన్ ఆట’ అంటారు కదా. ఇంగ్లండులో 1806 నుంచి 1962 దాకా ‘జెంటిల్‌మెన్’కూ ‘ప్లేయర్స్’కూ మధ్య మ్యాచ్‌లు జరిగేవి. జెంటిల్‌మెన్ అంటే డబ్బు తీసుకోని పెద్దింటివాళ్ళు. ప్లేయర్స్ అంటే జీతానికి ఆడేవాళ్ళు. రెండు జట్లకూ వేర్వేరు గదులు, వేర్వేరు గేట్లు. రెండు గ్లాసుల పద్ధతి మన టీ దుకాణంలోనే పుట్టలేదు మిత్రులారా.

5. ఒకే చట్టంలో అధికారం, వెట్టి

రాజులూ జమీందార్లూ మన పేటకు దూరం. పేటకు దగ్గరగా ఉన్న అరిస్టోక్రసీ వేరే ఉంది. దాని గురించి పాఠ్యపుస్తకం ఒక్క లైను కూడా రాయదు.

1895లో మద్రాసు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం తెచ్చింది. మునసబు, కరణం పదవులు వంశపారంపర్యం. తండ్రి తర్వాత కొడుకు. శిస్తు వసూలు, భూమి లెక్క, ఊరి తగువు – అన్నీ వాళ్ళ చేతుల్లోనే. ఎవరి పొలం గట్టు ఎక్కడుందో కరణం కలం చెప్పాలి. ఆ కలం పుట్టుకతో వస్తుంది.

అదే చట్టంలో ఇంకొన్ని ఉద్యోగాలున్నాయి. తలారి, నీరుగంటి, వెట్టి. అవీ వంశపారంపర్యమే. అవును, ‘వెట్టి’ అన్నది ఒక ఉద్యోగం పేరు. చాలా ఊళ్ళలో ఆ పని మాల, మాదిగ కుటుంబాలది. మూటలు మోయాలి, కబురు పట్టుకెళ్ళాలి, దండోరా వెయ్యాలి, దొర క్యాంపుకు వస్తే గుడారం దగ్గర నిలబడాలి.

ఒకే కాగితం మీద పై ఇంటికి అధికారం వారసత్వంగా రాశారు, కింది ఇంటికి వెట్టి వారసత్వంగా రాశారు. అరిస్టోక్రాటిక్ అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఎక్కడా దొరకలేదు. పై ఇంటి వారసత్వం నిలబడాలంటే కింది ఇంటికీ వారసత్వం ఉండాలి. మొదటిది ‘వంశ గౌరవం’ అయింది, రెండోది ‘కులవృత్తి’ అయింది.

రాజ్యాంగం వచ్చాక కూడా ఇది నడిచింది. గాజుల దశరథ రామారావు అనే ఆయన మునసబు పదవి విషయంలో సుప్రీంకోర్టుకు వెళ్తే, 1960లో రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టంలో వారసత్వానికి పట్టం కట్టిన ఒక సెక్షన్‌ను కొట్టేసింది. ప్రభుత్వ కొలువులో వంశాన్ని బట్టి వివక్ష చూపడం 16వ అధికరణకు విరుద్ధమంది. చివరికి 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసింది. చదువుకుంటున్న పిల్లలు ఈ మూడు ఏళ్ళూ రాసిపెట్టుకోండి: 1895, 1960, 1984. జమీందారీ 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయింది. ఊరి అరిస్టోక్రసీ మాత్రం ఇంకో 36 ఏళ్ళు కుర్చీలో కూర్చుంది.

6. మనవాళ్ళు ఇచ్చిన మూడు జవాబులు

ఈ మాటను మన పెద్దలు నోరు మూసుకుని భరించలేదు. మూడు రకాలుగా జవాబిచ్చారు.

మొదటిది, భాగ్యరెడ్డి వర్మ దారి. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మేం పంచములం కాదు, ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరే ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. మీకు వంశం గొప్పా? మా వంశం మీకంటే పాతది అన్నారు. పాత వంశం కాబట్టి గొప్ప అన్న వాళ్ళ తర్కాన్నే తీసుకుని వాళ్ళ మీదికి తిప్పారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును గుర్తించింది.

రెండోది, కుసుమ ధర్మన్న దారి. దొరతనం అనే మాట గుర్తుచేసుకోండి. అప్పట్లో తెలుగులో ప్రభుత్వాన్నే ‘దొరతనమువారు’ అని రాసేవాళ్ళు. పెత్తనం, ప్రభుత్వం, దర్జా – మూడింటికీ ఒకే మాట. మన శ్రీకాకుళం గరిమెళ్ళ సత్యనారాయణ తెల్ల దొరతనం వద్దని పాట రాస్తే, రాజమండ్రి నుంచి ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాశారు. తెల్ల దొర పోయి నల్ల దొర కూర్చుంటే మాకు ఒరిగేదేమిటి అన్న ప్రశ్న అది. వంశం పాతదా కొత్తదా అన్న లెక్కలోకే ఆయన వెళ్ళలేదు. దొరతనమే వద్దన్నారు.

మూడోది, కారంచేడు తర్వాత వచ్చింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. దాడి చేసినవాళ్ళు వర్ణం లెక్కలో శూద్రులే. కానీ భూమి, పదవి, డబ్బు వచ్చాక దొరతనం ఒంట్లోకి వచ్చింది. అరిస్టోక్రసీ పుట్టించుకోవడానికి వర్ణంలో పై మెట్టు కూడా అక్కర్లేదని అక్కడ తేలింది. బాధితులు ఊరు వదిలి చీరాల చేరారు, శిబిరం వేసుకుని పోరాడారు. రోములో సామాన్య ప్లెబియన్లు క్రీస్తుపూర్వం 494లో పట్రీషియన్ల మీద కోపంతో నగరం వదిలి కొండెక్కి కూర్చున్నారని, దాంతో తమ ప్రతినిధులను సాధించుకున్నారని చెబుతారు. ‘పట్రీషియన్’ కూడా ఇవాళ ఇంగ్లీషులో మెచ్చుకోలు విశేషణమే, గమనించండి. చీరాల శిబిరం మన కొండ. అక్కడినుంచి దళిత మహాసభ వచ్చింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్ళ ఉపన్యాసాల్లో, కరపత్రాల్లో ఒక మాట ఊరూరా తిరిగింది: పెత్తందారీ కులాలు.

నా ఉద్దేశంలో అరిస్టోక్రాటిక్ అనే మాటకు సరైన తెలుగు ఇదే. అరుగు మీద కూర్చున్నవాడు తనను తాను కులీనుడు అనుకుంటాడు. అరుగు కింద నిలబడినవాడికి వాడు పెత్తందారు. మనిషి ఒక్కడే. నిఘంటువు రాసినవాళ్ళు అరుగు మీద ఉన్నారు కాబట్టి ‘కులీనం’ అచ్చయింది.

7. బొజ్జన్నకొండ చెప్పే సంగతి

అయితే ‘ఉత్తముడు’ అనే మాటనే వదిలేసుకోవాలా? మనుషుల్లో గొప్ప గుణాలు ఉండవా? ఉంటాయి. ఆ చర్చ మన జిల్లాలో ఎప్పుడో జరిగింది.

అచ్యుతాపురం నుంచి మునగపాక మీదుగా అనకాపల్లి వెళ్తే, ఊరు దాటాక శంకరం వస్తుంది. సంఘారామం అన్న మాటే నోట్లో నలిగి శంకరమైంది అంటారు. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండ బౌద్ధ క్షేత్రాలు. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు చేయించాడు. కొండనే తొలిచిన గుహలు, వరసగా చిన్న చిన్న రాతి స్తూపాలు. విద్యార్థులు తప్పకుండా చూడాలి.

ఆ కొండ మీద వందల ఏళ్ళు బోధించిన మాటల్లో ‘ఆర్య’ ఒకటి. నాలుగు ఆర్య సత్యాలు, ఆర్య అష్టాంగ మార్గం. ఆర్య అంటే బ్రాహ్మణ గ్రంథాల్లో మంచి పుట్టుక ఉన్నవాడు. బుద్ధుడు ఆ మాటను పారేయలేదు, అర్థం మార్చాడు. పుట్టుకతో ఎవడూ నీచుడు కాడు, పుట్టుకతో ఎవడూ శ్రేష్ఠుడు కాడు, చేసే పనిని బట్టే అన్నాడు. గుణాన్ని చెప్పే మాటను పుట్టుక నుంచి విడదీశాడు. ఇంగ్లీషు మాటలు పుట్టుక నుంచి గుణానికి జారాయి, పుట్టుకను మాత్రం వదల్లేదు. బుద్ధుడు ఆ ముడినే తెంపేశాడు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ మనల్ని ఏ దారిలోకి తీసుకెళ్ళారో ఇప్పుడు ఆలోచించండి.

8. 17 పక్కన 18

ఫ్రెంచి విప్లవంలో ‘అరిస్టోక్రాట్’ అనే మాట తిట్టుగా మారింది. 1790 జూన్ 19న అక్కడి జాతీయ సభ వంశపారంపర్య బిరుదులన్నీ రద్దుచేసింది. 1927 డిసెంబరు 25న మహద్‌లో, మనుస్మృతిని తగలబెట్టిన సభలో, అంబేడ్కర్ తన ప్రసంగంలో ఆ ఫ్రెంచి జాతీయ సభనే గుర్తుచేశారు. మన సభ కూడా అలాంటిదే అన్నారు. చెరువు నీళ్ళ కోసమే వచ్చినవాళ్ళం కాదు, సమానత్వపు పునాది వెయ్యడానికి వచ్చాం అన్నది ఆ ప్రసంగ సారం.

ఇప్పుడు రాజ్యాంగం తెరవండి. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దుచేసింది. వెంటనే 18వ అధికరణ బిరుదులను రద్దుచేసింది. సైనిక, విద్యా గౌరవాలు తప్ప ప్రభుత్వం ఏ బిరుదూ ఇవ్వకూడదు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నిచ్చెన కింది మెట్టును తీసేస్తుంది, ఇంకోటి పై మెట్టును తీసేస్తుంది. 17 గురించి మనం అంబేడ్కర్ జయంతి రోజున మాట్లాడతాం. 18 గురించి ఎవరూ మాట్లాడరు. రెండూ కలిపి చదివితేనే అర్థం పూర్తవుతుంది. పైన కులీనుడు ఉన్నంతకాలం కింద చండాలుడు ఉండక తప్పదు.

ఇవాళ అచ్యుతాపురం రోడ్డు మీద నడవండి. రియల్ ఎస్టేట్ వెంచర్ల బోర్డుల మీద రాయల్, ఇంపీరియల్, ఎలైట్ అనే మాటలు. ఆ బోర్డుల కింద నుంచే తెల్లవారకుండా బస్సులెక్కి దుస్తుల కంపెనీకి వెళ్ళే ఆడపిల్లలు, షిఫ్టుకు వెళ్ళే ఫార్మా కార్మికులు. 2024 ఆగస్టు 21న ఇక్కడి సెజ్‌లోని ఒక ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది చనిపోయారు. ఏ పనిలో ప్రాణం పోయే ప్రమాదం ఉందో ఆ పని ఎవరి పిల్లలకు వస్తుంది, ఏ పనిలో ఏసీ గది ఉందో అది ఎవరి పిల్లలకు వస్తుంది – ఈ లెక్క తీయకుండా ‘ఎలైట్’ అనే మాటను చదవకండి. వారసత్వం చట్టంలోంచి పోయింది కానీ ఊళ్ళోంచి పోలేదు.

చివరిగా, తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మూడు పనులు.

ఒకటి. పరీక్షలో అరిస్టోక్రాటిక్ అంటే ‘వంశపారంపర్య పాలకవర్గానికి చెందిన’ అని రాయండి. మార్కు వస్తుంది, అబద్ధమూ ఉండదు. ‘గొప్ప’ అని రాయకండి.

రెండు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే ‘కులీనంగా’, ‘రాజసంగా’ అనకండి. హుందాగా ఉంటే హుందాగా ఉన్నారనండి. మీ అమ్మమ్మ నాట్ల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళిచ్చే తీరు కంటే హుందా అయినది నేను చూడలేదు. దానికి వంశం పేరు అక్కర్లేదు.

మూడు. ‘చండాలం’ అనే మాటను ఇవాళే మానేయండి. పక్కవాడు అంటే ఆపి, ఎందుకు అనకూడదో చెప్పండి. గొడవైతే ఈ పోస్టు చూపించండి.

తర్వాతి భాగంలో ‘సంస్కారం’ అనే మాట సంగతి చూద్దాం. మీ ఊళ్ళో కరణం, మునసబు, వెట్టి రోజుల గురించి మీ ఇంటి పెద్దవాళ్ళు చెప్పినవి ఉంటే కామెంట్లలో రాయండి. ఆ తరం వెళ్ళిపోతోంది. వాళ్ళ నోటి మాటే మన దగ్గరున్న దస్తావేజు.

జై భీమ్.